ఆరో కప్పు

జిప్పు పళ్ళ మీద కొవ్వొత్తి ముక్క రుద్దుతున్న పెద్దది, చెల్లెలు చదివింది విని రుద్దడం ఆపేసింది. ఎంత మొండి జిప్పునైనా దారికి తెచ్చే చెయ్యి అది. సంచుల కొట్టులో ఇన్నేళ్ళుగా ఆడుతున్న ఆ చెయ్యి అలా గాల్లో నిలబడిపోవడం ఎవరూ గమనించలేదు. గమనించకపోవడమే మంచిదనుకుంది పెద్దది.

"ఇంకోసారి చదవవే," అంది అమ్మ, మిషను చక్రం మీద అరచెయ్యి ఆనించి.

చిన్నది ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుంది. యూనివర్సిటీలో ఆనర్స్ సీటు వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచీ ఆ పిల్ల తన ఫోనుకు వచ్చిన ప్రతి ముక్కనీ కొట్టు మధ్యలో నిలబడి పైకి చదువుతోంది. సంచి పట్టీ తెగి వచ్చినవాళ్ళు కూడా పట్టీ సంగతి మరిచి వినాల్సిందే.

"'ఆనర్స్‌లో చేరే మొదటి సంవత్సరం వాళ్ళు సోమవారం ఉదయం తమ ఇంటి నుంచి ఒక టీ కప్పు తెచ్చుకోవాలి. కొత్తది వద్దు. ఇంట్లో వాడుతున్నదే తేవాలి.' అంతేనమ్మా. ఎందుకో చెప్పలేదు. చదువు చెప్తారా, టీ అమ్మిస్తారా?"

"ఏదైతే నీకేం? తెమ్మన్నారు, పట్టుకెళ్ళు. నీలం గీత కప్పుల్లోది ఒకటి తీసుకో. మనింట్లో పదిమందిలో పెట్టదగ్గవి అవే." అమ్మ అక్కడితో ఆగలేదు. పక్క కొట్టుకూ తమ కొట్టుకూ మధ్యనున్న చెక్క గోడ వైపు మొహం తిప్పి గొంతు పెంచింది. "ఆరుండాల్సినవి ఐదే ఉన్నాయి. ఎవరి పుణ్యమో ఏమో!"

గోడ అవతల జిరాక్సు మిషను గురగుర మధ్యలోంచి పిన్ని గొంతు వచ్చింది. "నా పుణ్యమేనక్కా! రోజూ అందులోనే తాగుతున్నా. టీ మహా రుచిగా ఉంటోంది!"

"తాగు, తాగు. అరిగిందాకా తాగు."

చిన్నది నవ్వింది. ఈ పాట ఆమె చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఒకప్పుడు పక్క కొట్టు పిన్ని ఇంట్లో చుట్టాలు దిగితే అమ్మ ఆ కప్పులు సర్ది ఇచ్చింది. తిరిగొచ్చాక కొన్నాళ్ళకు చూసుకుంటే ఒకటి లేదు. అప్పటి నుంచీ ఆ కప్పు పిన్ని ఖాతాలోనే ఉంది.

పెద్దది మాత్రం నవ్వలేదు. దొంగకు తేలు కుట్టినట్టు తలవంచుకుని మళ్ళీ కొవ్వొత్తి రుద్దడం మొదలుపెట్టింది. పిన్ని నిజంగానే ఆరు కప్పులూ తిరిగి ఇచ్చింది. ఆరో కప్పును కాగితంలో చుట్టి, పాత పుస్తకాల సంచిలో పెట్టుకుని ఇల్లు దాటించింది పెద్దదే. అది ఎక్కడుందో లోకంలో ఆమె ఒక్కతికే తెలుసు. ఇప్పుడు సోమవారంనాడు చిన్నది దాని తోడుకప్పును పట్టుకుని నేరుగా అక్కడికే వెళ్ళబోతోంది.

ఆదివారం మధ్యాహ్నం కొట్టుకు సెలవు. వెనక గదిలో అమ్మ అలమర తలుపు తీసి కప్పులు ఒక్కొక్కటే దించి గుడ్డతో తుడుస్తోంది. తెల్లటి పింగాణీ, అంచు కింద చుట్టూ సన్నటి నీలం గీత. కొట్టు తెరిచిన కొత్తలో ఎంతో ముచ్చటపడి కొన్నవి. అమ్మ కుడిచేతి బొటనవేలు వంగదు. మిగతా నాలుగు వేళ్ళతోనే కప్పును చుట్టి పట్టుకుని తిప్పుతుంది. మిషను సూది వేలి ఎముక దాకా దిగి, అది చీము పట్టి, నెలల తరబడి కట్టుతో కూర్చున్న రోజుల తర్వాత వేలు అలాగే బిగిసిపోయింది. కొట్టు మూతపడకుండా నిలబెట్టింది అప్పటికి పద్ధెనిమిదేళ్ళ పెద్దది.

"అమ్మా, ఆ కప్పులెందుకు? పింగాణీ. అక్కడ వందమంది చేతుల్లో పడితే పగిలి ఊరుకుంటుంది. స్టీలు గ్లాసు పట్టుకెళ్తే సరిపోతుందిగా," అంది పెద్దది, వీలైనంత మామూలుగా.

"కప్పు తెమ్మన్నారు. గ్లాసు తెమ్మన్లేదు."

"పోనీ ఆ పువ్వుల కప్పు?"

"దానికి చెవి లేదు. ఆనర్స్‌లో చేరే పిల్ల చెవి లేని కప్పు పట్టుకెళ్తుందా?"

"జతలో ఇంకోటి తగ్గిపోతుంది కదమ్మా, నీకే బాధ."

"తగ్గనీ." అమ్మ ఒక కప్పును వెలుతురుకు ఎత్తి చూసింది. "ఇది బాగుంది. గీత ఎక్కడా చెదరలేదు."

ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, మొత్తం ఐదు కప్పులూ చెయ్యి జారి కింద పడేస్తే ఎలా ఉంటుందా అనుకుంది పెద్దది. ఆ ఆలోచనకు తనకే సిగ్గేసింది. తలవంచుకుని చిన్నదానికోసం కుడుతున్న కొత్త సంచిని ఒళ్ళోకి లాక్కుంది. ముదురాకుపచ్చ కాన్వాసు, లోపల రెండరలు, పట్టీ మొదట్లో ఒత్తిడి పడేచోట రెండు వరసల కుట్టు. దబ్బనంతో బెజ్జం వేస్తూ, నైలాను దారం లాగుతూ, లోపలి అర పక్కన మెత్తటి గుడ్డతో కప్పు పట్టేంత చిన్న జేబు కూడా కుట్టింది. ఎలాగూ వెళ్ళేదే అయినప్పుడు పగలకుండానైనా వెళ్ళాలి కదా.

ఆమె భయం కప్పు గురించి కాదు. అమ్మ గురించి. తొమ్మిదేళ్ళ కిందట ఆనర్స్‌కు పెద్దదీ ఎంపికైంది. తరగతులు మొదలైన మొదటి వారం ఎంపిక పరీక్షలు ఇంకా జరుగుతున్నాయనే ఇంట్లో చెప్పి వెళ్ళొచ్చింది. శనివారంనాడు తీపి కొనుక్కొచ్చి, సీటొచ్చిందమ్మా అని చెప్పి అమ్మను ఆశ్చర్యపెట్టాలని ఆమె సరదా. శుక్రవారంనాడు అమ్మ వేలిలో సూది దిగింది. శనివారం తీపి లేకుండా వచ్చి, సీటు రాలేదమ్మా అంది. ఇప్పుడు ఆ కప్పు కంటపడితే, చిన్నది ఇంటికొచ్చి చెబితే, తన వేలు తన బిడ్డ చదువును మింగిందని అమ్మకు తెలుస్తుంది. ఆ వయసులో ఆ మాట మోసుకు తిరగాల్సిన అవసరం అమ్మకు లేదని పెద్దది ఏనాడో తీర్మానించుకుంది.

అందుకే సోమవారం తనూ తోడు వెళ్తానంది.

"నేనేమన్నా బళ్ళో చేరుతున్నానా?" అంది చిన్నది.

"వెళ్ళనీవే, దానికీ చూడాలనుంటుంది," అంది అమ్మ. అలా ఎందుకందో పెద్దది అప్పుడు ఆలోచించలేదు.

యూనివర్సిటీ ఆఫీసు ముందు గుర్తింపు కార్డు ఫోటోల కోసం వరస వరండా దాటి మెట్ల మీదికి వచ్చింది. చిన్నదాన్ని వరసలో నిలబెట్టి, "నువ్వు కానిచ్చుకో, నేనలా చూసొస్తా," అని పెద్దది తప్పించుకుంది. ఎటు వెళ్ళాలో కాళ్ళకు తెలుసు. లైబ్రరీ వెనక, సైకిళ్ళ షెడ్డు పక్కనుంచి సందులోకి తిరిగితే చివర ఒంటరిగా ఒక పాత మేడ. దాన్ని అందరూ ఆనర్స్ ఇల్లు అంటారు. బస్సెక్కితే అరగంట దూరం. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఇటు రాలేదు. ఆఫీసువాళ్ళు కుర్చీ కవర్లు కుట్టమంటే కొలతలకు కూడా వేరేవాళ్ళను పంపింది.

తలుపు తీసే ఉంది. గది పొడుగునా అదే బల్ల, బల్ల మీద వేడి కప్పులు పెట్టిన గుండ్రటి మచ్చలు. ఎడమ గోడకు నిలువెత్తు చెక్క పలక, దానికి వరసలుగా ఇత్తడి కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక్కో కప్పు. లావువి, సన్నవి, రంగు వెలిసినవి. చేరిన రోజు ఇంటి కప్పు తగిలించాలి. చదువు పూర్తయిన రోజు తీసుకెళ్ళాలి. ఈ ఇంట్లో అందరూ, పాఠం చెప్పేవాళ్ళతో సహా, ఇంటి దగ్గర తాగినట్టే తాగుతూ మాట్లాడుకోవాలని ఎప్పుడో ఎవరో పెట్టిన పద్ధతి.

కప్పు అక్కడ ఉండకూడదని దారంతా కోరుకుంది పెద్దది. కిటికీ పక్కన పై వరసలో నీలం గీత కనబడగానే మాత్రం ప్రాణం లేచొచ్చింది.

దగ్గరికి వెళ్ళి ముట్టుకుంది. దుమ్ము లేదు. నిన్నో మొన్నో కడిగినట్టుంది. చెవి మీద చిన్న పెచ్చు వేలికి తగిలింది. తగిలిస్తున్నప్పుడు కంగారులో కొక్కేనికి కొట్టుకుని లేచిన పెచ్చు అది. అయ్యో, అమ్మ చంపేస్తుంది అనుకుంది ఆ రోజు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. అప్పుడూ ఇక్కడే. బల్ల చివర నెరిసిన గడ్డం మాస్టారు కూర్చునేవారు. నాలుగో రోజో ఏమో, పెద్ద పెద్ద ఇళ్ళ పిల్లలందరూ మాట్లాడాక, మాస్టారు టీ ఒక గుక్క తాగి ఆమె వైపు తిరిగి, "నువ్వేమంటావు?" అని అడిగారు. అంతవరకూ ఆమెను అందరూ అడిగిందల్లా సంచి ఎప్పటికి అవుతుందని, లెక్క జవాబు ఎంతని. తను ఏమనుకుంటోందని ఒక మనిషి అడిగి, జవాబు కోసం కప్పు దించి ఆగడం అదే మొదలు. ఏం చెప్పిందో ఇప్పుడు గుర్తు లేదు. వాళ్ళు ఆగి విన్న సంగతే గుర్తుంది. ఆ వారం తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్ళు తేలికవుతుంది.

"కొత్త పిల్లవా?" అన్న గొంతుకు ఉలిక్కిపడి లేచింది. చీపురు పట్టుకున్న ఆయా గుమ్మంలో ఉంది.

"కాదమ్మా. పాత పిల్లని." కొక్కెం మీంచి కప్పు తీసేసి, "ఇది నాది. తీసుకుపోదామని వచ్చా," అంది పెద్దది.

ఆయా చీపురు గోడకు ఆనించింది. "చదువు పూర్తిచేశావా?"

"లేదు."

"మరెలా తీసుకుపోతావ్? పూర్తిచేసినవాళ్ళవే తియ్యాలి."

"మధ్యలో మానేసినవాళ్ళవో?"

"ఏడాది చూసి తీసేస్తాం. ఇదొక్కదాని జోలికి మాత్రం పోలేదు. నా ముందు చేసిన పాత ఆయా వెళ్ళిపోతూ మరీ మరీ చెప్పింది, కిటికీ పక్క నీలం గీత కప్పు అక్కడే ఉండనీ, వారం వారం కడిగిపెట్టు అని. ఎవరో గట్టిగా చెప్పుంటారు. నేనడగలేదు."

మాస్టారే చెప్పి ఉంటారనుకుంది పెద్దది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏదో అడగబోయేంతలో సందులో మాటలు, నవ్వులు. కొత్త పిల్లలు గుంపుగా లోపలికి వచ్చేశారు. అందరికంటే ముందు చిన్నది. ఆకుపచ్చ సంచి జేబులోంచి కప్పు అప్పటికే చేతిలోకి వచ్చింది.

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, పెద్దది చేతిలో కప్పును వెనక్కి దాచుకుంది. దాచకపోతే చిన్నది చూసేదే కాదేమో.

"ఏంటక్కా అది?"

"ఏం లేదు."

చిన్నది అక్క వెనక్కి వెళ్ళి చూసింది. తన చేతిలో కప్పును చూసింది. మళ్ళీ అక్క చేతిలో కప్పును చూసింది. ఖాళీగా ఉన్న కొక్కేన్ని చూసింది. ఆనర్స్ సీటు ఊరికే రాదు కదా. నిమిషంలో అంతా కూడేసుకుంది.

"నీకూ వచ్చింది," అంది మెల్లగా. "అమ్మ వేలికి సూది దిగిన ఏడు. నీకు సీటొచ్చింది. రాలేదని చెప్పావు."

"గట్టిగా మాట్లాడకు. అందరూ చూస్తున్నారు."

"నేనప్పుడు మూడో తరగతి. నువ్వు ప్రతి రాత్రీ నాకు లెక్కలు చెప్పేదానివి. నీకు చదువు రాదు కాబట్టి కొట్టులో కూర్చున్నావనుకున్నానక్కా ఇన్నాళ్ళూ! నాకైనా చెప్పాలనిపించలేదా?" చిన్నదానికి కోపమో ఏడుపో తెలియకుండా చెంపలు ఎర్రబడ్డాయి.

"అమ్మకి చెప్పనని ఒట్టెయ్యి. ముందు అది."

"వెయ్యను. నీ సీటు సంగతి నేను చెప్పను, అది నీ ఇష్టం. పిన్ని మాటో? చెయ్యని దొంగతనానికి ఇన్నేళ్ళు మాట పడిందే, పాపం! నేనూ నవ్వానే ప్రతిసారీ! సాయంత్రంలోగా పిన్ని దొంగ కాదని నువ్వు చెప్పకపోతే నేనే చెప్తా."

చెల్లెలి మాటలో తప్పు పట్టడానికేమీ దొరకలేదు పెద్దదానికి. అమ్మను కాపాడుతున్నాననుకుంటూ పిన్నిని వీధిన పెట్టింది నిజమే. ఆయా ఇద్దరినీ చూసి నిట్టూర్చి, పెద్దదాని చేతిలోంచి కప్పు తీసుకుని యథాస్థానంలో తగిలించింది. పక్క కొక్కేనికున్న ఎవరిదో కప్పును కింది వరసకు మార్చి, "నీదిక్కడ పెట్టు పాపా," అంది చిన్నదానితో. రెండు నీలం గీతలు పక్కపక్కన నిలబడ్డాయి.

పెద్దది వెంటనే బస్సుకు వెళ్ళలేకపోయింది. వరండాలో స్తంభం పక్కన నిలబడింది. లోపల కుర్చీలు జరిగాయి, టీ పోసిన చప్పుడు. బల్ల చివర ఇప్పుడు ఒక కుర్ర మేడం ఉంది. కాసేపు పరిచయాలు, ఏదో ప్రశ్న, ఇద్దరు ముగ్గురి జవాబులు. తర్వాత ఆ మేడం అంది: "కిటికీ పక్కన అమ్మాయీ, నువ్వేమంటావు?"

పెద్దది స్తంభాన్ని గట్టిగా పట్టుకుంది. లోపల చిన్నది గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. చిన్నది ఒక మాట దగ్గర తడబడితే, ఆ తర్వాతి మాట బయట పెద్దదాని పెదవుల మీదికొచ్చి ఆగింది.

సాయంత్రం కొట్టులో దీపం వేసే వేళకు చిన్నది తిరిగొచ్చింది. వచ్చి, సంచి మేకుకు తగిలించి, గుమ్మం గట్టు మీద చేతులు కట్టుకుని కూర్చుంది. కూర్చుని అక్క వైపే చూస్తోంది. పెద్దది పట్టకారుతో ఒక పాత సంచి జిప్పుకు రన్నరు మారుస్తోంది.

అమ్మ మిషను మీద రెక్సిను అంచు మడత కుడుతోంది. "కప్పు పెట్టావా? చూసినవాళ్ళు బాగుందన్నారా?" అంది చిన్నదానితో. జవాబు రాకముందే గోడ వైపు తిరిగింది. "ఇంక నాలుగే మిగిలాయమ్మా! అదైనా చెప్పే తీసుకెళ్ళింది. కొందరిలా కాదు!"

"నాకూ ఒక సీటిస్తే నేనూ చెప్పే తీసుకెళ్దును!" అంది పిన్ని అటునుంచి.

చిన్నది నోరు తెరవబోయింది. పెద్దది పట్టకారు కింద పెట్టింది.

"అమ్మా, పిన్నిని అనకు. ఆ కప్పు పిన్ని తియ్యలేదు. నేను తీశా. పట్టుకెళ్ళి ఒకచోట పెట్టి, మళ్ళీ తేలేకపోయా."

మిషను ఆగింది. గోడ అవతల జిరాక్సు మిషను కూడా ఆగింది. ఇప్పుడు ఎక్కడ అంటుంది, ఎందుకు అంటుంది, ఏం చెప్పాలి అని పెద్దది జవాబులు వెతుక్కుంది.

అమ్మ దారం కొరికి, మడతను వేలితో సరిచేసుకుంది. "చెవి మీద పెచ్చు పెద్దదవలేదు కదా?"

"లేదమ్మా, అంతే ఉంది," అనేసింది పెద్దది. అన్నాక గాని తట్టలేదు. ఆ పెచ్చు లేచింది కొక్కెం దగ్గర. ఇంట్లో ఉన్నప్పుడు కప్పుకు పెచ్చే లేదు. "నీకెలా తెలుసు?"

అమ్మ మిషను మీంచి చూపు ఎత్తలేదు. "కట్టు విప్పిన నెలలోనే వెళ్ళాను. బళ్ళో అన్నిట్లో ఫస్టొచ్చిన నా పిల్లకి సీటెందుకివ్వలేదో అడిగి కడిగేద్దామని నడుం కట్టుకుని వెళ్ళాను. ఆఫీసువాళ్ళు ఆ మేడకి పొమ్మన్నారు. గుమ్మంలో కాలు పెట్టి నోరు తెరుద్దును కదా, ఎదురుగా నా కప్పు."

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. పెద్దది తొమ్మిదేళ్ళు దాచింది. అది తనకు తెలుసన్న సంగతిని అమ్మ అన్నాళ్ళూ దాచింది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"అప్పటికే నీ కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. ఆ ఏడుకి ఆ సీటు తిరిగిరాదన్నారు. నాకోసం మానేశావన్న మాట నీ నోటితో వినే ధైర్యం లేకపోయిందే. నువ్వు నాకు తెలియకూడదనుకున్నావ్. తెలియనట్టే ఉందామనుకున్నా." వంగని బొటనవేలిని అమ్మ రెండో చేత్తో నలుపుకుంది.

చిన్నది గట్టు మీంచి లేచింది. "మరి పిన్నిని ఎందుకు తిట్టావమ్మా?"

"ఉన్నట్టుండి తిట్టడం మానేస్తే మీ అక్కకి అనుమానం రాదూ?"

చెక్క గోడ పక్కనుంచి పిన్ని తల లోపలికి వచ్చింది, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని. "ఆ రోజే వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చిందే మీ అమ్మ. తప్పయిపోయింది చెల్లీ, కానీ ఇంకొన్నాళ్ళు నువ్వే దొంగగా ఉండాలి అంది. సరేలే అక్కా, వారానికోసారికి మించొద్దు, బేరాలున్నప్పుడు అసలొద్దు అన్నా. మాట మీద ఎప్పుడుందీ? ఇంతకీ నా మీద కేసు కొట్టేసినట్టేనా, లేదా?"

చిన్నది పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. పెద్దది లేచి వెళ్ళి అమ్మ పక్కన స్టూలు మీద కూర్చుని, ఆ వంగని వేలిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అమ్మ తీసుకోనిచ్చింది.

పిన్ని తనే వెనక గదిలోకి వెళ్ళి టీ పెట్టింది. అలమరలో మిగిలిన నాలుగు కప్పుల్లో పోసి తెచ్చింది. నలుగురికీ సరిపోయాయి. కప్పు పోయిన దగ్గర్నుంచీ, నాటకం చెడకుండా, ఆ జతలో పిన్నికి టీ పోసింది లేదు. పిన్ని తన కప్పును కళ్ళ ముందు తిప్పి చూసుకుని, "ఈసారి నిజంగా ఎత్తుకుపోతా," అంది.

అమ్మ ఒక గుక్క తాగి పెద్దదాన్ని అడిగింది. "తీసుకొద్దామనే వెళ్ళావుగా. మరి తేలేదేం?"

"చదువు పూర్తిచేసినవాళ్ళే తెచ్చుకోవాలంటమ్మా."

"తెలుసు. అందుకే తియ్యొద్దని అప్పటి ఆయాకి చెప్పొచ్చాను. ఆ గడ్డం మాస్టార్నీ అడిగి ఒప్పించాను. ఆ పిల్ల ఎప్పుడొస్తే అప్పుడు మొదటి నుంచీ చేర్చుకుంటాం, ఇక్కడ వయసు అడగం అన్నారాయన. ఆ మాట అడ్డం పెట్టుకుని బతికానే నేను. ఎన్నోసార్లు చెబుదామనుకున్నా. చెబితే నాకు తెలిసిందని నీకు తెలిసిపోతుంది." అమ్మ కప్పు దించి మిషను బల్ల మీద పెట్టింది. "ఇప్పుడు చిన్నది కుదురుకుంది. నా చెయ్యి నాలుగు వేళ్ళకి అలవాటు పడింది. కొట్టు సంగతి నేనూ మీ పిన్నీ చూసుకుంటాం. కప్పు తెచ్చేసుకుందామా, ఉండనిద్దామా? నువ్వేమంటావు?"

ముగ్గురూ కప్పులు దించి పెద్దదాని వైపు చూస్తూ ఆగారు. టీ చల్లారుతోందని పిన్ని కూడా అనలేదు.

"ఉండనీమ్మా," అంది పెద్దది. "నేనే వెళ్ళి తెచ్చుకుంటా."